డ్రమ్ కోర్ షోల్లో ట్యూన్ పోయిందా? ఏం చూడాలి, ఏం వినాలి?

నమస్కారమండి. మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీ అబ్బాయి ఫ్రిస్కోలో హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో బారిటోన్ అనే ఊదే ఇత్తడి వాద్యం (బ్రాస్) వాయిస్తున్నాడు. వాడు పట్టుబట్టడంతో జూలైలో శాన్ ఆంటోనియో వెళ్లి అలమోడోమ్ స్టేడియంలో డ్రమ్ కోర్‌ల (బ్రాస్, డ్రమ్ములు వాయిస్తూ మైదానంలో రూపాలు కట్టే బృందాల) డీసీఐ పోటీ చూశారు. పక్క సీట్లో ఉన్న పెద్దాయన "ఇప్పుడేముంది, 80లలో చూడాల్సింది, అప్పుడు పాటలుండేవి" అన్నారు. మీ అబ్బాయేమో బ్లూకోట్స్ అనే కోర్ అంటే ప్రాణం పెడతాడు. మీకు బాగా నచ్చిన కోర్‌కి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, మార్కులు మాత్రం ఇంకో కోర్‌కి ఎక్కువ పడ్డాయి. ఇందులో ఎవరి మాట నమ్మాలి, అసలు ఏం చూడాలి అన్నది మీ సందేహం.

మా అమ్మాయి హైస్కూల్లో మరింబాతో (చెక్క పలకల మీద కొట్టి వాయించే వాద్యం) మొదలుపెట్టి, తర్వాత కొన్ని వేసవులు ఒక కోర్‌లో ఫ్రంట్ ఎన్‌సెంబుల్‌లో వాయించింది. దాని వెంట తిరుగుతూ రిహార్సల్స్ చూశాను, వాలంటీర్‌గా ప్రాప్స్ (మైదానంలో పెట్టే సెట్ సామాన్లు) తోశాను, పాత షోల రికార్డింగులు వెతికి వెతికి చూశాను. కాబట్టి ఈ గొడవ నాకు బాగా పరిచయం. పాతవి గొప్పవా, కొత్తవి గొప్పవా అన్న వాదనలోకి మీరు దిగకండి. ఏ ఏడాది షో అయినా సరే, కంటికి కనిపించేది చెవికి వినిపించేదాన్ని పట్టి ఇస్తోందా లేదా, అదొక్కటి చూడండి. అలా పట్టి ఇస్తే ఆ షో నిలుస్తుంది. అప్పుడు ట్యూన్ మనకు తెలిసినదా కాదా, మైదానంలో ప్రాప్స్ ఉన్నాయా లేవా అన్నవి పక్కకు పోతాయి. అలా పట్టి ఇవ్వకపోతే ఎంత మంచి పాటైనా, ఎంత ఖరీదైన సెట్ అయినా దండగే.

ఇక్కడ ఇతరులూ చదువుతారు కాబట్టి కాస్త నేపథ్యం. డీసీఐ అంటే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్. మొదటి చాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది, అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచారు. 2009 నుంచి ఫైనల్స్‌కి ఇండియానాపోలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియం వేదిక. పాల్గొనేవాళ్లంతా కుర్రకారే, వయసు 22 దాటదు. పెద్ద కోర్‌లో 150 మందికి పైగా ఉంటారు. బ్రాస్, డ్రమ్స్, జెండాలూ రైఫిళ్లూ తిప్పే కలర్ గార్డ్, మైదానం ముందు అంచున మరింబాలూ వైబ్రాఫోన్లూ పెట్టుకుని వాయించే ఫ్రంట్ ఎన్‌సెంబుల్, అంతే. ఫ్లూట్, క్లారినెట్, సాక్సోఫోన్ లాంటివి ఉండవు. వేసవంతా బస్సుల్లో ఊరూరా తిరుగుతూ, స్కూలు జిమ్ములలో నేల మీద పడుకుంటూ, పది పన్నెండు నిమిషాల ఒకే ఒక్క షోని ఆగస్టు దాకా చెక్కుతూనే ఉంటారు.

మీ పక్క సీటు పెద్దాయన మాటను తేలిగ్గా తీసేయకండి. ఆయన తలుచుకుంటున్నది ఒక నిజమైన అనుభవాన్ని. డ్రమ్ కోర్‌లు మాజీ సైనికుల సంఘాల నీడలో పెరిగినవి. జెండా వందనం, నిటారు వరసలు, మైదానం మధ్య గీతకు అటూ ఇటూ అద్దంలో చూసినట్టు ఒకేలా ఉండే రూపాలు వీటి పుట్టుకలోనే ఉన్నాయి. బ్రాస్ అంతా ఒకే పొడుగాటి వరసగా ప్రేక్షకుల వైపు నడిచి వస్తూ గొంతెత్తి వాయించే కంపెనీ ఫ్రంట్ అనే ఘట్టం ఒకటుంది. అది మన మీదికి వస్తుంటే ఒళ్లు గగుర్పొడవని వాళ్లు ఉండరు. ఆ రోజుల్లో మైకులు లేవు. 2000 దాకా అందరూ జి శ్రుతి బ్యూగిల్స్ మాత్రమే వాయించేవారు. ఆ గొంతు కాస్త మొరటు, కానీ స్టేడియం వెనక వరస దాకా కొట్టేది. ఆ శబ్దం ఛాతీకి తగిలిన మనిషికి ఇవాళ్టి స్పీకర్ల మోత వేరేగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

కాకపోతే ఆయన మెచ్చుకునే 80లలోనే పాత పద్ధతి బద్దలైంది. 1983లో గార్ఫీల్డ్ కెడెట్స్ షో చూడండి. అంతకు ముందు దాకా డ్రిల్ (మైదానంలో రూపాలు కట్టే నడక) అంటే చాలావరకు ఎడమ వైపు ఏం జరిగితే కుడి వైపూ అదే. డిజైనర్ జార్జ్ జింగలీ ఆ సౌష్ఠవాన్ని పక్కన పడేశాడు. రాన్ నెల్సన్ రాసిన రాకీ పాయింట్ హాలిడే పరుగులు తీస్తుండగా మనుషుల ముద్ద ఒక మూల నుంచి లాగినట్టు సాగి, మడతపడి, ఇంకో వైపు తేలుతుంది. అభిమానులు దాన్ని ఇవాళ్టికీ జీ-పుల్ (Z-pull) అంటారు. ఆ సంగీతంలో స్వరాలు కుదురుగా ఒకచోట ఆగవు, ఒక వాద్యం నుంచి ఇంకో వాద్యానికి దూకుతూ ఉంటాయి. రూపం కూడా అలాగే ఆగకుండా జారుతుంది. రికార్డింగులో బొమ్మ మసకగా ఉన్నా ఆ ఘట్టం దగ్గర చెవికి అందని సంగతులు కంటి ద్వారా అందుతాయి. ఆ ఏడాది నుంచి కెడెట్స్ వరసగా మూడుసార్లు గెలిచారు, అంతకు ముందు ఎవరికీ సాధ్యం కాలేదు. అప్పట్లో ఈ డ్రిల్‌ని గందరగోళం అన్నవాళ్లూ ఉన్నారు. ఇవాళ పాతకాలపు వైభవం అని చెప్పుకునేది దాన్నే.

కళ్లూ చెవులూ కలవడం అన్నాను కదా, అది అలంకారం కోసం అన్నమాట కాదు. ఒక లెక్క చూపిస్తాను. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. మైదానం వెనక భాగంలో నిలబడిన డ్రమ్మర్లకూ, ముందు గీత దగ్గర ఉన్న మరింబాలకూ మధ్య ఒక 32 మీటర్లు అనుకోండి. వెనక కొట్టిన దెబ్బ ముందుకు చేరడానికి సెకనులో పదో వంతుకు కాస్త తక్కువ పడుతుంది. నిమిషానికి 160 బీట్ల వేగంలో ఒక బీట్‌ను నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగం దాదాపు అంతే. అంటే అందరూ ముందు నిలబడి చేతులతో లయ చూపే డ్రమ్ మేజర్ చేతులే చూసి ఒకే క్షణంలో వాయిస్తే, పైన కూర్చున్న మనకు ముందువాళ్లది ముందు, వెనకవాళ్లది ఒక అక్షరం తర్వాత వినిపిస్తుంది. మన లయ పాఠంలో చెప్పాలంటే తకదిమిలో త దగ్గర ఒకరు, క దగ్గర ఒకరు ఉంటారు.

అందుకే ఫ్రంట్ ఎన్‌సెంబుల్ పిల్లలకు మొదట నేర్పేది చేతులు చూడకుండా వెనక్కి చెవి పెట్టడం. వెనక నుంచి వచ్చే స్నేర్ డ్రమ్ముల శబ్దం తమ దగ్గరికి చేరిన క్షణంలో వాళ్లు వాయించాలి. అప్పుడే రెండూ కలిసి పైకి వస్తాయి. స్నేర్ వరస మధ్యలో నిలబడే మనిషి ఒక్కడు డ్రమ్ మేజర్‌తో కలిసి లయను పట్టి ఉంచుతాడు, మిగతావాళ్లు అతన్ని వింటారు. రిహార్సల్‌లో మెట్రోనోమ్ స్పీకర్‌ను మైదానం వెనక పెట్టేది కూడా ఇందుకే. మా అమ్మాయి మొదటి నెలల్లో కళ్లు ఒకటి చెబితే చెవులు ఇంకొకటి చెబుతున్నాయని తెగ టెన్షన్ పడేది. తర్వాత అదే అలవాటైపోయింది.

ఇప్పుడు డిజైనర్ వైపు నుంచి చూడండి. ఏ స్వరం దగ్గర ఎవరు ఎక్కడుండాలి అన్నది చూపుకు సంబంధించిన నిర్ణయమని పైకి అనిపిస్తుంది. నిజానికి అది సంగీత నిర్ణయం కూడా. ట్రంపెట్లను వెనక ఎడమ మూలకు, డ్రమ్ములను ముందు కుడి మూలకు పంపి మధ్యలో వేగంగా పంచుకునే వాక్యం రాశాడంటే, పిల్లల మీద పెద్ద భారం పెట్టినట్టే. అది కుదిరినప్పుడు వచ్చే ఆనందం వేరు. కుదరకపోతే స్టేడియంలో కూర్చున్న కొత్త మనిషికి కూడా ఏదో చెదిరిందని తెలిసిపోతుంది. మనవైపు జడకోలాటంలో ఒక్క జత అడుగు తప్పితే పైన తాడు జడ చిక్కుపడినట్టు, ఇక్కడ ఒక్క వరస ఆలస్యమైతే కనబడేదీ వినబడేదీ రెండూ ఒకేసారి చిక్కుపడతాయి.

ఇక అసలు తగువు రేపిన షో సంగతి. 1993, స్టార్ ఆఫ్ ఇండియానా. రెండేళ్ల క్రితమే చాంపియన్ అయిన కోర్ అది. ఆ ఏడాది శామ్యూల్ బార్బర్, బేలా బార్టోక్‌ల సంగీతం ఎత్తుకున్నారు. కూనిరాగం తీయడానికి వీలైనది ఒక్కటీ లేదు. పెద్ద ముగింపులతో చప్పట్లు లాగే ప్రయత్నం లేదు. నిశ్శబ్దాలు ఎక్కువ. ఒక్కో విడి శబ్దానికి ఒక్కో విడి కదలిక, ఒళ్లంతా వాద్యం అయినట్టు. ఇది మాకెందుకు అని మొహం చిట్లించిన ప్రేక్షకులు చాలామంది. ఫైనల్స్‌లో కెడెట్స్‌కి 97.4, స్టార్‌కి 97.3. ఆ సీజన్ తర్వాత స్టార్ పోటీల నుంచి పూర్తిగా తప్పుకుని రంగస్థలం వైపు వెళ్లింది. ఆ దారిలో పుట్టిన బ్లాస్ట్ అనే ప్రదర్శన 2001లో టోనీ అవార్డు గెలుచుకుంది. మైదానంలో వదిలి వెళ్లిన ఆ 1993 షోని ఇవాళ పాత అభిమానులే ఎప్పటికీ గొప్ప షోల్లో లెక్కపెడతారు.

నా దృష్టిలో అది మొత్తం చరిత్రలో ఒకటి రెండు శిఖరాల్లో ఒకటి. కారణం చెప్తాను. బార్టోక్ సంగీతాన్ని వట్టి చెవితో వింటే నాలాంటి వాడికి మొదట పట్టు దొరకదు. ఎక్కడ మొదలైంది, ఎక్కడ మలుపు తిరిగింది అన్నది తేలదు. ఆ షో చూస్తూ విన్నప్పుడు మాత్రం ప్రతి మలుపూ కళ్ల ముందు జరుగుతుంది. ఒక చిన్న గుంపు కదిలితే ఒక చిన్న స్వరగుచ్ఛం. అది ఇంకో గుంపుకు అంటుకుంటే స్వరం కూడా అక్కడికి పాకుతుంది. కష్టమైన సంగీతాన్ని కంటి ద్వారా సులువు చేశారు. ట్యూన్ లేదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. సంగీతం లేదంటే మాత్రం ఒప్పుకోను.

మనవాళ్లకు ఇందులో ఒక అడ్డంకి ఉంది, అది చెప్పాలి. మనం పాట వింటూ పెరిగినవాళ్లం. పల్లవి ఎక్కడుంది అని చెవి వెతుకుతుంది. పల్లవి దొరక్కపోతే షో అర్థం కాలేదని తేల్చేస్తాం. తెలుగు తల్లిదండ్రులు చాలామంది స్టేడియం నుంచి బయటికొస్తూ "డ్రమ్స్ బాగున్నాయి కానీ పాట తెలియలేదు" అనడం నేను విన్నాను. అయితే అదే మనకు మృదంగ కచేరీలో తని ఆవర్తనం వినే అలవాటూ ఉంది. అక్కడ పల్లవి కోసం ఎవరూ వెతకరు. లెక్క ఎక్కడికి పోయి ఎలా సమానికి తిరిగొస్తుందా అని చూస్తాం. డ్రమ్ కోర్‌లో బ్యాటరీని, అంటే నడుస్తూ వాయించే స్నేర్, టెనర్, బాస్ డ్రమ్ముల బృందాన్ని ఆ చెవితో వినండి. ఏడు అక్షరాల నడకలు తరచూ వస్తాయి. తకిట తకదిమి అని లోపల లెక్కపెట్టుకుంటే దారి దొరుకుతుంది. మృదంగం నేర్చుకున్న పిల్లలు ఈ లెక్కల్ని చాలా త్వరగా పట్టేస్తారు, మా బ్యాండ్‌లోనే చూశాను.

ఇప్పుడు మీ అబ్బాయి ఇష్టపడే బ్లూకోట్స్ దగ్గరికి వద్దాం. ఒహాయోలోని క్యాంటన్ వాళ్ల ఊరు. 2004లో డీసీఐ మైకులను అనుమతించింది. 2009లో సింథసైజర్లు వచ్చాయి. చాలా కోర్‌లు మొదట్లో వాటిని కింది స్థాయి మోత కోసమే వాడాయి. కడుపులో వణుకు పుట్టించే ఆ బాస్ మోత కింద ట్యూబాలు ఏం వాయిస్తున్నాయో వినబడదు. అభిమానులు దానికి గూ అని పేరు పెట్టారు, ఆ పేరు పూర్తిగా న్యాయమే. ఇలాంటి కాలంలో 2014లో బ్లూకోట్స్ టిల్ట్ అనే షో తెచ్చారు. దాని చివరి భాగంలో ఒక ఘట్టం ఉంది. బ్రాస్, సింథసైజర్ కలిసి ఒకే స్వరాన్ని పట్టి, ఆ శ్రుతిని మెల్లగా కిందికి వంచి మళ్లీ పైకి లాగుతారు. స్వరం జారుతుంటే స్టేడియం మొత్తం ఒక పక్కకు ఒరిగినట్టు అనిపిస్తుంది. షో పేరే వాలు. మైదానం మీద వస్తువులూ వాలుగానే ఉంటాయి. చివరికి చెవికి కూడా ఆ వాలు తెలిసింది. సింథసైజర్ లేకుండా ఆ పని జరగదు. ఎలక్ట్రానిక్స్ ఎందుకు అని అడిగిన ప్రతివాళ్లకూ నేను చూపించేది ఈ ఘట్టాన్నే. ఆ ఏడాది వాళ్లకు రెండో స్థానం వచ్చింది. రెండేళ్ల తర్వాత 2016లో డౌన్ సైడ్ అప్‌తో తొలి టైటిల్ గెలిచారు. ఈకల టోపీలు, సైనిక తరహా కోట్లు వదిలేసి, ఏటవాలు దిమ్మల మీద ఎక్కి జారుతూ వాయించారు. 2024లో చేంజ్ ఈజ్ ఎవ్రీథింగ్‌తో రెండోసారి గెలిచారు.

2016 గెలుపు తర్వాత అందరూ దిమ్మలు, మెట్లు, తెరలు పట్టుకొచ్చారు. ఇక్కడ మాత్రం నాకు పెద్దాయనతోనే ఏకీభావం. ప్రాప్స్ తోసే పని చేసినవాడిగా చెబుతున్నాను, చాలా షోల్లో వాటి వల్ల ఉపయోగం ఇద్దరికే. ఒకటి, వెనక దాక్కుని ఊపిరి పీల్చుకునే పిల్లలకు, రెండు, టీవీ కెమెరాకు. మైదానంలో సగం చోటు ప్రాప్స్ తినేస్తే డ్రిల్ రాయడానికి చోటుండదు. అప్పుడు పిల్లలు ఒక చోట నిలబడి వాయిస్తారు, వాయించడం ఆపి ఇంకో చోటికి చెల్లాచెదురుగా పరిగెత్తుతారు, మళ్లీ నిలబడి వాయిస్తారు. నడుస్తూ వాయించడంలో ఉన్న అసలు కష్టం, అసలు అందం అక్కడ పోతుంది. 5 గజాలకు 8 అంగలు, అంటే ఒక్కో అంగ 22.5 అంగుళాలు. పైభాగం కదలకుండా, పెదవి మీద మౌత్‌పీస్ చెదరకుండా, వెనక్కి నడుస్తూ కూడా ఆ కొలత తప్పకుండా వాయించడానికి ఈ పిల్లలు ఎండలో నెలల తరబడి సాధన చేస్తారు. ఆ సాధనను దాచేసే డిజైన్‌ను నేను మెచ్చలేను.

మైకులో మాటలు చెప్పించడం కూడా నాకు నచ్చదు. 2000ల మధ్యలో కెడెట్స్ వరసగా కొన్నేళ్లు షో పొడుగునా మాటలు వినిపించారు. అభిమానులు గగ్గోలు పెట్టారు. వాళ్ల కోపం సబబే అని నా అభిప్రాయం. మైదానంలో 150 మంది శరీరాలూ వాద్యాలూ ఉన్నప్పుడు దీని అర్థం ఇది అని ఒక గొంతు చెప్పాల్సిన అవసరం వచ్చిందంటే డిజైన్ తన పని చేయలేదన్నమాట.

అలాగని మాట మొత్తానికే నిషిద్ధం అనను. 2008లో ఫాంటమ్ రెజిమెంట్ స్పార్టకస్ చేసింది. బానిసల తిరుగుబాటు కథ. చివర్లో కోర్ సభ్యులు ఒక్కొక్కరుగా నేనే స్పార్టకస్ అని అరుస్తారు. ఆ అరుపు వివరణ కోసం పెట్టింది కాదు. అప్పటిదాకా బ్రాస్ పెంచుకుంటూ వచ్చిన కోపం గొంతులోకి మారింది, అంతే. ఇలియనాయిలోని రాక్‌ఫర్డ్ కోర్ ఇది. ఖచటూరియన్ లాంటి బరువైన శాస్త్రీయ సంగీతం వాళ్ల సొంత సొత్తు. ఆ సీజన్‌లో చాలా భాగం ముందున్నది కాలిఫోర్నియాలోని కాన్‌కార్డ్‌కు చెందిన బ్లూ డెవిల్స్. ఫైనల్ రాత్రి మాత్రం ఫాంటమ్‌కి 98.125, బ్లూ డెవిల్స్‌కి 98.1. తేడా 0.025. ఆ రాత్రి జనం కోరింది, జడ్జీలు ఇచ్చింది ఒకటయ్యాయి.

అన్నిసార్లూ అలా కాదు, మీ మూడో సందేహం అదే. మార్కులు ఎలా పడతాయో తెలిస్తే సగం బాధ తగ్గుతుంది. మొత్తం 100. అందులో 40 జనరల్ ఎఫెక్ట్‌కి, అంటే షో మొత్తం కలిగించే ప్రభావానికి, 30 విజువల్‌కి, 30 మ్యూజిక్‌కి. విజువల్‌లో నడక నైపుణ్యం, మొత్తం విశ్లేషణ, కలర్ గార్డ్ అని మూడు విభాగాలు, ఒక్కోదానికి 20 చొప్పున వేసి సగం చేస్తారు. మ్యూజిక్‌లో కూడా అంతే, బ్రాస్, పెర్కషన్, మొత్తం విశ్లేషణ. ప్రతి జడ్జీ రెండు సంగతులు విడిగా చూస్తాడు. పిల్లలకు ఇచ్చిన పని ఎంత లోతైనది, దాన్ని ఎంత బాగా నెరవేర్చారు. చూస్తూనే మాట్లాడుతూ రికార్డ్ చేస్తాడు, ఆ రికార్డింగు కోర్‌కి వెళ్తుంది. 80ల తొలినాళ్ల దాకా తప్పు కనబడ్డప్పుడల్లా పదో వంతు మార్కు కోసే పద్ధతి ఉండేది. అది పోయాక డిజైనర్లకు సాహసం చేసే ధైర్యం పెరిగింది.

కాబట్టి మీరు చప్పట్లు కొట్టింది ఒక ఘట్టానికి కావచ్చు. జడ్జీ మార్కు వేసింది మొత్తం పన్నెండు నిమిషాలకు, అందులోనూ తన విభాగానికి మాత్రమే. పెర్కషన్ జడ్జీకి ముగింపులో ఎగిరిన జెండాలతో పని లేదు. అలాగే ఒక రాత్రి మార్కును ఇంకో ఏడాది మార్కుతో పోల్చవద్దు. అవి ఆ రాత్రి ఆ కోర్‌ల మధ్య వరస తేల్చడానికి వేసిన అంకెలు. 2014లో ఫెలినియెస్క్‌తో బ్లూ డెవిల్స్ 99.65 తెచ్చుకున్నారు. అది రికార్డు. అంతమాత్రాన అదే అన్నిటికన్నా గొప్ప షో అని వాళ్ల వీరాభిమానులు కూడా అందరూ అనరు.

బ్లూ డెవిల్స్ గురించి వినిపించే ఫిర్యాదు మీకూ వినబడే ఉంటుంది. ఇరవైకి పైగా టైటిళ్లు ఉన్న కోర్ అది. వాళ్లు చల్లగా ఉంటారు, తెలివి చూపిస్తారు, మనసును తాకరు అంటారు. 2012లో డాడా కళా ఉద్యమం మీద క్యాబరే వోల్టేర్ చేశారు. ముక్కలు ముక్కలుగా, కావాలని అర్థాన్ని చెదరగొడుతూ సాగే షో. అదే ఏడాది కరోలినా క్రౌన్ కోప్లాండ్ సంగీతంతో గుండెలు నిండేలా వాయించి రెండో స్థానంలో నిలిచింది. స్టేడియంలో చాలామంది మనసు క్రౌన్ వైపే. నాదీ అంతే. అయినా బ్లూ డెవిల్స్ షోని మళ్లీ చూసినప్పుడల్లా వాళ్ల గార్డ్ దగ్గర, డ్రిల్‌లో ఒక రూపం ఇంకో రూపంలోకి కరిగే చోట కొత్త సంగతులు దొరుకుతూనే ఉంటాయి. ఒక్కసారి చూసేవాళ్ల కోసం కాక పదిసార్లు చూసేవాళ్ల కోసం రాసిన షో అది. పోటీ షో మొదటిసారి చూసిన మనిషిని కూడా పట్టుకోవాలన్నది నా పక్షం. కాబట్టి ఆ ఏడాది నేనైతే క్రౌన్‌కి ఇచ్చేవాణ్ని. మరుసటి ఏడాది ఫిలిప్ గ్లాస్ సంగీతంతో ఈ ఈక్వల్స్ ఎంసీ స్క్వేర్ చేసి క్రౌన్ గెలిచింది. పాడుతూ అంకెలు లెక్కపెడుతూ, ఊపిరాడనంత వేగంగా బ్రాస్ వాయించిన షో. అందులో కూనిరాగానికి పనికొచ్చే పాట లేదు. ట్యూన్ ఉంటేనే జనం స్పందిస్తారన్న వాదన అక్కడ కూడా నిలవదు.

పాత అభిమానుల కోపం వెనక ఇంకో బాధ ఉంది. ఖర్చులు పెరిగిపోయాయి. ఒక్కో పిల్లవాడు కట్టాల్సిన సీజన్ ఫీజు వేల డాలర్లలో ఉంటుంది. 1934లో పుట్టి 10 డీసీఐ టైటిళ్లు గెలిచిన కెడెట్స్ 2024లో మూతపడింది. శాంటా క్లారా వాన్‌గార్డ్ 2023 సీజన్ మానేసి, తర్వాత తిరిగొచ్చింది. తాము యవ్వనం ధారపోసిన కోర్ లేకుండా పోతుంటే, పక్కనే ట్రక్కుల కొద్దీ ప్రాప్స్ దిగుతుంటే మంట పుట్టదా? ఆ డబ్బు ప్రాప్స్‌కి కాకుండా పిల్లల ఫీజులు తగ్గించడానికి వెళ్తే బాగుంటుందని నేనూ గట్టిగా అంటాను. అదే సమయంలో 1940లో పుట్టిన బోస్టన్ క్రూసేడర్స్ 2025లో తొలిసారి చాంపియన్ అయింది. అన్నేళ్లు ఎదురుచూసిన వాళ్ల పాత సభ్యుల ఆనందం చూస్తే కొత్త కాలం మీద అంత నిరాశ అక్కర్లేదనిపిస్తుంది.

ఇక మీరు చేయాల్సింది. మీ అబ్బాయితో కూర్చుని ఈ నాలుగు షోలు ఇదే వరసలో చూడండి: గార్ఫీల్డ్ కెడెట్స్ 1983, స్టార్ ఆఫ్ ఇండియానా 1993, ఫాంటమ్ రెజిమెంట్ 2008, బ్లూకోట్స్ 2014. ఒక్కోటి మూడుసార్లు. మొదటిసారి మామూలుగా. రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి, రూపాలు ఎక్కడ బిగుస్తున్నాయి, ఎక్కడ వదులవుతున్నాయి అని మాత్రమే. మూడోసారి శబ్దం పెట్టి, రూపం బిగుసుకున్న చోట సంగీతంలో ఏం జరిగిందో వినండి. కొన్ని షోల్లో ఆ రెండూ కలవవు. అవి ఎందుకో నచ్చలేదని మీకు అనిపించే షోలే అయి ఉంటాయి, కారణం ఇప్పుడు మీకే తెలుస్తుంది. మీ వాడు బారిటోన్ వాయిస్తాడు కాబట్టి వాణ్నే అడగండి, ఏ చోట ఊపిరి తీస్తున్నారో వాడు చూపిస్తాడు. ఒక వరసలో అందరూ ఒకేచోట ఊపిరి తీయరు, శబ్దం తెగకుండా ఒకరి తర్వాత ఒకరు తీస్తారు. అది కనిపెట్టడం మొదలుపెడితే ఆ పొడుగాటి స్వరాల విలువ తెలుస్తుంది.

వచ్చే జూలైలో మళ్లీ అలమోడోమ్‌కి వెళ్తే మైదానానికి దగ్గరి సీట్లు కొనకండి, అక్కడ మొహాలు కనబడతాయి గానీ రూపాలు కనబడవు. 50 గజాల గీతకు ఎదురుగా పై అంతస్తు తీసుకోండి. ఇంకో మాట, అది కప్పున్న స్టేడియం, శబ్దం గోడల నుంచి తిరిగొచ్చి రెండుసార్లు కొడుతుంది. అక్కడ డ్రమ్ములు మసకగా వినిపిస్తే తప్పు పిల్లలది కాదు. వీలైతే ఆరుబయట జరిగే పోటీ ఒకటి కూడా చూడండి. ఆగస్టు మొదట్లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో జరిగేది అభిమానులు బాగా ఇష్టపడతారు. టెక్సాస్‌లోనే చిన్న స్టేడియాల్లో జరిగేవి కూడా ఉంటాయి. పోటీకి ముందు పార్కింగ్ స్థలాల్లో బ్యాటరీలు వార్మప్ చేస్తుంటే అడుగుల దూరంలో నిలబడి వినొచ్చు, ఎవరూ వద్దనరు. ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్లండి, పిల్లలకైతే తప్పనిసరి.